మంచినీళ్ల కుండ

అమ్మ పదేళ్లు వచ్చేదాకా పర్లాకిమిడిలో పెరిగింది. ఇప్పుడు అక్కడ మా వాళ్లంటూ ఎవరూ లేరు. అయినా "కాళ్లు ఆడుతుండగా ఒక్కసారి ఆ వీధి చూపించవే" అని రెండేళ్ల నుంచి అడుగుతోంది. 2018 అక్టోబరు 10, నవరాత్రులు మొదలైన రోజున, శ్రీకాకుళంలో బస్సెక్కాం. టెక్కలి మీదుగా పాతపట్నం, అక్కణ్ణుంచి ఆటో. పాతపట్నం, పర్లాకిమిడి జంట ఊళ్లలా ఉంటాయి. షాపుల బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా ఒడియాలోకి మారితే రాష్ట్రం దాటామని తెలియాలి. మాట మాత్రం మారదు. "ఏటమ్మా, ఎక్కడికెళ్లాలి?" అని ఆటో అబ్బాయి అడిగితే అమ్మ మొహం వెలిగిపోయింది.

తిత్లీ తుపాను గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందని టీవీలో చెబుతూనే ఉన్నారు. పర్లాకిమిడి సముద్రానికి ఎడంగా, కొండల పక్కన ఉన్న ఊరు కదా, వాన పడుతుంది, అంతే అనుకున్నాను. డెబ్బై ఏళ్లు దాటిన మనిషిని, రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవాల్సిన మనిషిని, ఆ ధీమాతో తీసుకెళ్లాను. తప్పు నాదే.

ఆ సాయంత్రం అమ్మ తన వీధి వెతుక్కుంది. ఇల్లు లేదు, దాని చోట మేడ ఉంది. వీధి చివరి రావిచెట్టు ఉంది. దాన్ని ముట్టుకుని చాలాసేపు నిలబడింది. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు గురించి చెప్పింది. రాజావారు 1900లో వేయించిన నేరోగేజి లైను అది. దాని కూత వినే తాతయ్య భోజనానికి లేచేవారట. ఇప్పుడది బ్రాడ్‌గేజి. అప్పటికే సన్నగా చినుకులు మొదలయ్యాయి.

రాత్రి రెండు దాటాక గాలి మారింది. మేం దిగిన లాడ్జిలో రెండో అంతస్తు మాది. నాలుగు గంటలప్పుడు కిటికీ అద్దం పగిలి మంచం మీద పడింది. అందరం మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాం. ఆ చీకట్లో ఎవరో ముసలాయన విష్ణు సహస్రనామం చదువుతున్నాడు, ఇంకెవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. తుపాను తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటిందనీ, గాలి గంటకి 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిందనీ తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా మెట్ల గోడ వణకడం.

తెల్లారాక కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. మోటారు ఆడక ట్యాంకు ఖాళీ. మధ్యాహ్నానికి లాడ్జి జనరేటరులో డీజిలు అయిపోయింది. గదులు ఖాళీ చేయమన్నారు. పైకప్పు రేకులు లేచిపోయి పై అంతస్తంతా తడిసింది కాబట్టి వాళ్లని అనడానికీ లేదు. వాన ఆగలేదు. అమ్మ చేతిలో ఫ్లాస్కు. అందులో రెండు ఇన్సులిన్ సీసాలు, చుట్టూ కరిగిపోయిన ఐసు నీళ్లు.

ఎదురుగా ఒక పెంకుటిల్లు. ముందు గది మీద పెంకులన్నీ ఎగిరిపోయాయి. ఆ గదిలో నుంచి నీళ్లు తోడిపోస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టింది. "అక్కా, అమ్మని తీసుకుని లోపలికి రండి. ఎనకాల గది కారట్లేదు" అంది. మా పేరు అడగలేదు. ముందు పొడి చీర ఇచ్చింది, ఆ తర్వాత "ఖాఇలే కి?" అని అడిగింది. కంగారులో ఆవిడకి ఒడియా వచ్చేసింది. తిన్నారా అని. అమ్మకి అరవై ఏళ్ల కిందటి ఒడియా గుర్తొచ్చి, లేదని తల ఊపి, ఏడ్చేసింది.

ఆ ఇంటాయన కొమ్ము పని చేస్తారు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు పేరున్నవే. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. కొమ్ముని నిప్పుల సెగ మీద వేడిచేస్తే మెత్తబడుతుంది, అప్పుడు వంచి, చల్లారాక అరగదీసి మెరుగు పెడతారు. ఆ పనికని కొని పెట్టుకున్న రెండు బస్తాల బొగ్గులు వెనక గదిలో ఉన్నాయి. వీధిలో గ్యాసు అయిపోయిన వాళ్లు, కట్టెలు తడిసిపోయిన వాళ్లు ఉన్నారు. మొదటి రోజు సాయంత్రమే ఆయన కుంపటి బయటపెట్టి, ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుని వండుకోమన్నారు. "పండగ ఆర్డర్లు ఎలా మరి?" అంటే "ముందు అన్నాలు తినాలి కదమ్మా" అన్నారు. ఆ కుంపటి మీద మూడు రోజులు ఆరిళ్ల అన్నం ఉడికింది. పచ్చి మిరపకాయ, ఉల్లిపాయ, పప్పు. కొంగలు, రొయ్యలు అరుగు మీద వరుసగా తడుస్తూ ఉండేవి.

నా టెన్షనంతా ఇన్సులిన్ గురించే. ఆవిడ కొడుకు వానలోనే గొడుగేసుకుని వెళ్లి మందుల షాపాయన్ని ఇంట్లోంచి పిలుచుకొచ్చాడు. ఆయన మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చారు. సీసాలు చూసి, నెమ్మదిగా చెప్పారు. మూత తీసిన సీసాని ఫ్రిజ్ లేకపోయినా ఎండ, వేడి తగలకుండా ఉంచితే నాలుగు వారాలు వాడొచ్చు, భయం లేదు. మూత తీయనిదాన్ని మాత్రం వీలైనంత చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ లేని ఊళ్లలో మట్టికుండలో పెడతారు, కుండ గోడల్లోంచి ఊరే తేమ ఆరుతుంటే లోపల చల్లబడుతుంది. "తడిగుడ్డ చుట్టి, గాలి ఆడేచోట పెట్టండి. సీసాకి మాత్రం నీళ్లు తగలనివ్వకండి" అన్నారు. ఆయన ఇంకా చెబుతుండగానే ఆవిడ లోపలికి వెళ్లింది. కుండలో నీళ్లు వంపిన చప్పుడు వినిపించింది. తడి కుండ తెచ్చి కిటికీ కింద ఇసకలో కుదురుగా నిలబెట్టింది. లోపల చిన్న స్టీలు డబ్బా, డబ్బాలో సీసాలు. చుట్టూ తన పాత చీర ముక్క. రోజుకి నాలుగైదుసార్లు ఆ గుడ్డని తనే తడిపేది. అమ్మ లేచి వెళ్లబోతే "నువ్వు కూకో అమ్మా" అనేది.

రెండో రోజు వాన తెరిపిచ్చింది. అసలు బాధ అప్పుడు తెలిసింది, బాగున్నామని బయటి వాళ్లకి చెప్పే దారి లేదు. వీధిలో ఒక అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడట, నోటుపుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఎవరికి ఫోన్ చేయాలో నంబరు, ఏం చెప్పాలో ఒక ముక్క రాసుకున్నాడు. పద్నాలుగు నంబర్లయ్యాయి. సైకిల్ మీద, పడిపోయిన చెట్ల మీదుగా సైకిల్ ఎత్తుకుంటూ, సిగ్నల్ దొరికేదాకా వెళ్లి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వచ్చాడు. మా తమ్ముడికి తెలియని నంబరు నుంచి వచ్చిన కబురు ఇది: "అమ్మ, అక్క బాగున్నారు. మందు కుండలో ఉంది." వాడు ఆ రెండో మాట అర్థం కాక రాత్రంతా ఆలోచించాడట, కానీ మొదటి మాటకి అన్నం తిన్నాడు. ఆ అబ్బాయి డబ్బులు తీసుకోలేదు. పుస్తకంలో మా నంబరు ఎదురుగా టిక్కు పెట్టి చూపించాడు.

మూడో రోజు కొండల నుంచి కబురు దిగింది. బారాఘరా అనే ఊళ్లో వానకి భయపడి కొండ గుహలాంటి చోట తలదాచుకున్న వాళ్ల మీద కొండచరియ విరిగిపడిందని, పదిమందికి పైగా పోయారని. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో తుపాను మిగిల్చిన గాయాల్లో ఇదే పెద్దది. ఆ మధ్యాహ్నం మా వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సాయంత్రానికి కుర్రాళ్లు అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు పోగుచేయడం మొదలుపెట్టారు. ముందు గదికి పైకప్పు లేని ఆవిడ, డబ్బాలో ఉన్న అటుకుల్లో సగం కొలిచి పోసింది. నేను టార్చిలైటు, అమ్మ శాలువా ఇచ్చాం.

కొండల్లో సవరలనే గిరిజనులు ఉంటారు. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ, వాళ్లకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, నిఘంటువు కూర్చారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అమ్మ చిన్నప్పుడు తాతయ్య ఆ కథ చెప్పినప్పుడల్లా ఆయనకి గొంతు పట్టేసేదట. ఆ రాత్రి కుంపటి దగ్గర అమ్మ ఇదంతా చెబితే, ఇంటాయన విని, "మా తాత ఒడియావాడు, మా నాయనమ్మ తెలుగు. ఇంట్లో ఎవరూ ఎవరినీ ఎలిపొమ్మనలేదు" అన్నారు. నాకు ఆ మాట అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

14వ తేదీ పొద్దున బయల్దేరాం. ఆటో కొంతదూరమే వెళ్లింది. రోడ్డుకి అడ్డంగా పెద్ద చింతచెట్టు. గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్న నలుగురు అమ్మని చూసి ఆగారు. పక్కనున్న టీకొట్టులోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, ఆమెను కూర్చోబెట్టి, నలుగురూ ఎత్తి చెట్టు అవతల దించారు. ఆ కుర్చీ పాతపట్నం దాకా మాతో వచ్చింది. ప్రతి చెట్టు దగ్గరా కొత్త చేతులు. ఒకచోట బనీను వేసుకున్న ఒకాయన, ఆయన ఇంటి గోడే పడిపోయి ఉంది, వచ్చి ఒక పక్క పట్టుకున్నారు. చివర్లో కుర్చీ ఎవరికివ్వాలని అడిగితే, "అటు ఎళ్లే వాళ్లకిచ్చేయండి, అదే ఎళ్లిపోద్ది" అన్నారు. పాలవ్యాను ఒకటి టెక్కలి దాకా తీసుకెళ్లింది. దారి పొడుగునా స్తంభాలెక్కిన కరెంటు మనుషులు, వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, కింద తాళ్లు లాగి పట్టుకుంటున్న ఊరివాళ్లు.

టెక్కలిలో బస్సులో కూర్చున్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇన్సులిన్ డబ్బా ఒళ్లో ఉంది. ఆవిడ చుట్టి ఇచ్చిన తడి చీర ముక్క దానికి ఇంకా ఉంది. కోటబొమ్మాళి దాటాక అడిగింది.

"ఒసే, అది వాళ్ల మంచినీళ్ల కుండ కదే. ఇంకోటి ఉన్నట్టు చూశావా నువ్వు?"

నేను చూడలేదు. నాకు గుర్తొచ్చింది, ఆ మూడు రోజులూ పిల్లలు వంటింటి గుమ్మం పక్కనున్న పాత పెయింటు డబ్బాలోంచి గ్లాసు ముంచుకుని తాగడం. వానకి అలా పెట్టారు కాబోలనుకున్నాను.