కృష్ణ ఒడ్డు నుంచి మిర్చి కల్లాల దాకా

మాఘమాసంలో గుంటూరు ప్రాంతంలో పెళ్లిళ్లూ మిర్చి కోతలూ కలిసి వస్తాయి. కల్యాణ మండపాలకి ఖాళీ ఉండదు. ఊళ్ల చివర కల్లాల నిండా ఎర్రగా కాయ ఆరుతుంటుంది. ఎండ ఇంకా ముదరలేదు, పొద్దున్నే పల్చటి మంచు వెలుగుని మెత్తబరుస్తుంది. ఈసారి విజయవాడలో జంట ఫొటోలు, గుంటూరు దగ్గర పల్లెలో పెళ్లి, మర్నాడు కుటుంబం ఫొటోలు, అన్నీ ఒకే ప్రయాణంలో కుదిరాయి. దారిలో ఎక్కడ వెలుగు ఎలా ఉంటుందో, పని ఎక్కడ చెడుతుందో కెమెరా పట్టినవాళ్లకే కాదు, పెళ్లి పెట్టుకున్న ఇళ్లవాళ్లకి కూడా తెలిస్తే మంచిది.

విజయవాడలో జంట ఫొటోలంటే ముందు వినపడేది ప్రకాశం బ్యారేజీ పేరు. 1957లో వాడుకలోకి వచ్చిన ఈ బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70. ఆ గేట్ల వరస ఫొటోకి లోతు ఇస్తుంది. కానీ బ్యారేజీ మీదే నిలబడితే ఆ వరస కనపడదు. పైగా బళ్లు పోతుంటే కాళ్ల కింద సన్నగా అదురుతుంది. అక్కడ ట్రైపాడ్ పెట్టి షట్టర్ ఒక సెకను తెరిచి ఉంచితే దీపాలన్నీ వణికి వస్తాయి. రాత్రి దీపాలతో బ్యారేజీ కావాలంటే ఒడ్డుకి దిగాలి. ఇవతల భవానీపురం వైపు పున్నమి ఘాట్ ఉంది, అవతల సీతానగరం ఒడ్డు ఉంది.

అస్తమయం ఫొటో కావాలనేవాళ్లు నెల చూసుకోవాలి. నది ఇక్కడికి పడమర, వాయవ్యం మధ్య నుంచి వస్తుంది. మాఘంలో సూర్యుడు నైరుతికి ఒరిగి ఉంటాడు. బ్యారేజీ మధ్య నుంచి చూస్తే ఉండవల్లి కొండల వెనక దిగుతాడు. అందుకే పంచాంగంలో రాసిన వేళకి పది పన్నెండు నిమిషాల ముందే ఎండ పోతుంది, నీళ్ల మీద మెరుపు కూడా తక్కువ. సూర్యుడు నీళ్ల మీదుగా దిగాలంటే మే, జూన్ నెలల్లో రావాలి. పట్టుబట్టలు కట్టిన జంటని ఆ ఎండల్లో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. మాఘంలో ఇక్కడి అసలు ఫొటో అస్తమయం అయ్యాక ఇరవై నిమిషాల్లో ఉంటుంది. అప్పుడు ఆకాశం నీలమూ దీపాల వెలుగూ సరిసమానంగా ఉంటాయి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టుకునే శక్తి) 800, లెన్సు తెరుపు ఎఫ్2.8, షట్టర్ 1/60 సెకను, పక్క నుంచి ఒక చిన్న ఫ్లాష్ 1/32 పవర్‌లో చాలు. ఆ ఫ్లాష్‌ ముందు నారింజరంగు జెల్, అంటే రంగు ప్లాస్టిక్ రేకు తప్పనిసరి. అది లేకపోతే దీపాల పసుపు వెలుగు మధ్యలో జంట ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి.

ఉండవల్లి గుహల నాలుగంతస్తుల ముఖభాగం తూర్పుకి తిరిగి ఉంటుంది. పొద్దున ఎండ సూటిగా కొడుతుంది, రాతి చెక్కడం బాగా తేలుతుంది కానీ మనుషులు కళ్లు చిట్లిస్తారు. మధ్యాహ్నం మూడు దాటాక ముఖభాగమంతా నీడలోకి వస్తుంది. మనుషుల ఫొటోలకి అదే వేళ. స్తంభాల మధ్య అంచు నుంచి ఒక్క అడుగు లోపలికి నిలబెడితే బయటి ఆకాశపు వెలుగు ముఖం మీద సమంగా పడుతుంది. ఇంకో నాలుగడుగులు లోపలికి వెళితే రెండు స్టాపులు చీకటి (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది). ఇది పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడం. ట్రైపాడ్‌కీ లైట్లకీ ముందే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి, లేదంటే చేతిలో కెమెరాతోనే పని కానివ్వాలి. మూడో అంతస్తులో శయనించిన అనంతపద్మనాభుడి గది ఇరుకు, 20 ఎంఎం వెడల్పు లెన్సు ఉంటేనే విగ్రహం మొత్తం వస్తుంది. అయితే అక్కడ దణ్ణం పెట్టుకునేవాళ్లు ఉంటారు. జంట పోజులకి అది చోటు కాదని నా ఉద్దేశం.

ఇప్పుడు ప్రతి జంటా డ్రోన్ అడుగుతున్నారు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులకి మించి ఎగరేయకూడదు. ఏలూరు రోడ్డులో గన్నవరం వైపున్న ఫంక్షన్ హాళ్లు తీసుకునేవాళ్లు ముందుగా డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూసుకోవాలి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, జోన్ నిబంధనలు దానికీ వర్తిస్తాయి.

గుంటూరు దారిలో మంగళగిరి వస్తుంది. లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం 11 అంతస్తులు, ఎత్తు 153 అడుగులు. 1807 నుంచి 1809 మధ్య వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. దగ్గర నుంచి కెమెరా పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. నిటారుగా రావాలంటే 24 ఎంఎం లెన్సు నిలువుగా, కెమెరా సమంగా పట్టుకుని దాదాపు 60 మీటర్ల దూరం నుంచి తీయాలి. ఫ్రేములో కింది సగం బజారే వస్తుంది. ఆ సగంలో పెళ్లివారిని నడిపిస్తే సరిపోతుంది.

విజయవాడ నుంచి గుంటూరు 35 కిలోమీటర్లే. ముహూర్తాల రోజున మాత్రం కాజ టోల్ గేటూ పెళ్లి బస్సులూ కలిపి గంటన్నర అనుకుని బయల్దేరడం క్షేమం. కారులో ఏసీ చల్లదనం నుంచి కెమెరాని ఒక్కసారిగా బయటి గాలిలోకి తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ఊరు ఇంకా ఇరవై నిమిషాల దూరంలో ఉందనగా ఏసీ ఆపి అద్దాలు దించితే చాలు, బ్యాగులో సామాను బయటి వేడికి వచ్చేస్తుంది.

పెళ్లికూతురు ఇంటి ముందు తాటాకు పందిరి. పందిరి కింద వెలుగు అందంగా ఉందని అక్కడే తీస్తుంటారు. ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా ముఖం మీద పడి తెల్ల మచ్చలు వస్తాయి. వాటిని తరువాత ఎవరూ చెరపలేరు. పందిరి అంచుకి ఒక్క అడుగు లోపల, ముఖం వీధి వైపు ఉండేలా కూర్చోబెట్టాలి. పెళ్లి మొత్తంలో ఇంతకు మించిన వెలుగు ఇంకెక్కడా దొరకదు. కల్యాణ మండపంలో లక్షలు పోసి పెట్టే లైట్లు కూడా దీనికి సాటి రావు.

మంగళస్నానం వేళ పసుపు ఒంటికీ చీరకీ గోడకీ అంటి ఉంటుంది. కెమెరాని ఆటో వైట్ బ్యాలెన్స్‌లో, అంటే వెలుగు రంగుని అదే సరిదిద్దుకునేలా వదిలేస్తే ఆ పసుపుని తప్పు వెలుగనుకుని ఫొటోని నీలానికి లాగుతుంది. పసుపు రంగు పోయాక ఆ ఫొటోకి అర్థమేముంది? వైట్ బ్యాలెన్స్‌ని 5200 కెల్విన్, అంటే పగటి వెలుగు దగ్గర కట్టిపడేయాలి. నీళ్లూ పసుపూ చిందుతాయి కాబట్టి అక్కడ లెన్సు మార్చకూడదు. ఒక కెమెరాకి 35 ఎంఎం, ఇంకోదానికి 85 ఎంఎం ముందే బిగించుకుని దిగాలి.

రాత్రి ముహూర్తం. అన్ని కెమెరాల్లో గడియారం ఒకే సెకనుకి కలపడం మొదటి పని. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియో మనిషి తీసినవి తరువాత వరస పెట్టాలంటే వేరే దారి లేదు. రెండోది లైట్లు. మండపంలో పసుపు బల్బులు ఉంటాయి, వీడియో మనిషి తెల్ల ఎల్ఈడీ, అలంకరణవాళ్లు పెట్టిన ఊదారంగు స్పాట్ లైట్లు. ఊదా వెలుగు ముఖం మీద పడితే చర్మం రంగు మళ్లీ రాదు. వాటిని వెనక తెర మీదికి తిప్పమని అలంకరణ మేస్త్రీకి సాయంత్రమే చెప్పాలి, ముహూర్తానికి అతను కనపడడు. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, వాటి కింద షట్టర్ 1/100 పెడితే ఫొటోలో చారలు రావు. అంతకన్నా వేగం కావాలంటే ఫ్లాష్ మీద ఆధారపడాలి. ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం ఆ లైట్ల కింద వాడకూడదు.

జీలకర్రా బెల్లం పెట్టే క్షణమే సుముహూర్తం. తెరసెల్లా దిగడం, తల మీద చేతులు పడటం, అక్షింతలు లేవడం అన్నీ రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. చుట్టూ బంధువులంతా ఫోన్లు పైకెత్తుతారు. పంతులుగారిని ముందే కలిసి, "అయ్యగారూ, తెర ఏ వైపు నుంచి తీయిస్తారు?" అని అడిగితే సంతోషంగా చెబుతారు. ఒకరు వరుడి భుజం వెనక, ఇంకొకరు వధువు భుజం వెనక, ఇద్దరూ చిన్న స్టూళ్ల మీద ఉండాలి. ఫ్లాష్ ఫుల్ పవర్‌లో ఉంటే మళ్లీ నిండటానికి రెండు సెకన్లు పడుతుంది, ఆ రెండు సెకన్లలోనే పెళ్లయిపోతుంది. ఐఎస్ఓ 1600 పెట్టి ఫ్లాష్ 1/8కి దించితే వరసగా నాలుగైదు ఫ్రేములకి వెలుగొస్తుంది. తెల్ల సీలింగు పది పన్నెండు అడుగుల్లో ఉంటే ఫ్లాష్ దానికి కొట్టి వెలుగుని కిందికి తిప్పొచ్చు. రంగు షామియానా ఉంటే ఆ రంగే ముఖాలకి దిగుతుంది, అప్పుడు చిన్న సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే తెల్ల గుడ్డ పెట్టె) పట్టుకునే మనిషి కావాలి.

అక్షింతలు పడేటప్పుడు ఆటోఫోకస్ గింజల వెంట పోతుంది. ముఖం మీద ఫోకస్ కట్టేసి ఎఫ్4 దగ్గర ఉంటే కొద్దిగా కదిలినా నష్టం లేదు. మాంగల్యధారణలో ముడి వేసే చేతులు ఎదుటి నుంచి కనపడవు. వధువు పక్కకి, కాస్త వెనక్కి వెళ్లి 85 ఎంఎంతో తీయాలి. ఆడపడుచు జడ ఎత్తి పట్టుకునే వైపు వదిలేసి రెండో వైపు నిలబడాలి. తలంబ్రాలకి షట్టర్ 1/500 అయినా ఉండాలి, అప్పుడే బియ్యం గింజలుగా ఆగుతాయి. హోమం దగ్గర ఎదురు ఫ్లాష్ ఆపేయాలి, పొగ తెల్లగోడలా లేస్తుంది. మధుపర్కాల తెలుపు చూసి కెమెరా ఫొటోని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాపులు పెంచి, నేతలో మడతలు పోకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగూ చీకటీ ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపించే గీత) చూసుకోవాలి.

ఇక కుటుంబం ఫొటోలు. పెళ్లివారు బడ్జెట్టంతా జంట వీడియోలకి పెట్టి, గ్రూపు ఫొటోలు భోజనాల తరువాత చూద్దాంలే అంటారు. భోజనాలయ్యాక పెద్దవాళ్లు నడుం వాలుస్తారు, దూరం నుంచి వచ్చినవాళ్లు బస్సెక్కుతారు. పదేళ్ల తరువాత ఆల్బమ్ తెరిచినవాళ్లు ముందు వెతికేది తాతయ్యనీ అమ్మమ్మనీ. అందుకే ఈ ప్రయాణంలో కుటుంబం ఫొటోలకి మర్నాటి ఉదయం మొత్తం కేటాయించమని ముందే అడిగి పెట్టాను. రెండు వైపుల నుంచీ అందరి వరసలూ తెలిసిన మనిషి ఒకరు కావాలి, మేనమామో బాబాయో. గ్రూపుల పట్టీ ఆయన చేతిలో ఉండాలి. పెద్దవాళ్లతో మొదలుపెట్టి, వాళ్లని కుర్చీలోంచి లేపకుండా చుట్టూ మనుషుల్ని మార్చాలి.

మూడు వరసలుంటే 50 ఎంఎం లెన్సు, ఎఫ్8, 1/160, ఫోకస్ ముందు వరస వెనక కూర్చున్నవాళ్ల మీద. వెడల్పు లెన్సు పెడితే చివర నిలబడ్డవాళ్లు లావుగా సాగిపోతారు, ఎవరూ క్షమించరు. పదిహేను మంది ఉంటే అయిదారు ఫ్రేములు తీస్తే ఎవరో ఒకరు కళ్లు మూసిన సమస్య తీరుతుంది. కళ్లజోడు మెరిస్తే గడ్డం కొంచెం దించమనాలి, తీసేయమనకూడదు. జోడు లేని తాతయ్యని మనవలు గుర్తుపట్టరు.

ఆ ఊరి చివర కల్లంలో ఫొటోలు ఇంటివాళ్లే కోరారు. తేజ రకం మిర్చి కాయ పట్టాల మీద ఆరుతోంది, ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతున్నారు. కల్లం రైతుని అడగకుండా, చెప్పులతో కాయ మీద అడుగు పెట్టకూడదు. ఎరుపు కెమెరాకి కష్టమైన రంగు. మామూలు హిస్టోగ్రామ్ బాగుందన్నా ఎర్ర ఛానెల్ ఒక్కటే నిండిపోయి కాయలు ముద్దగా కలిసిపోతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టి మూడింట రెండు స్టాపులు తగ్గించాలి. ఇంటివాళ్లని కాయ మధ్యలో కూర్చోబెడితే కింది నుంచి ఎరుపు గడ్డం కిందికి కొడుతుంది. కల్లం అంచున, ఎండ వాళ్ల వెనక ఉండేలా నిలబెట్టి, ముందు తెల్ల రిఫ్లెక్టర్ పట్టాలి. ఎనిమిది దాటితే ఘాటు లేస్తుంది, పిల్లలు దగ్గుతారు. ఆ దుమ్ములో లెన్సు మార్చకూడదు. కాయ తాకిన చేత్తో వ్యూఫైండర్ పట్టుకుంటే కన్ను మండుతుంది.

తిరుగు దారిలో ఉప్పలపాడు చెరువు చూడకుండా రాకూడదు. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. పక్షులు దగ్గరగా ఉంటాయి కాబట్టి 300 ఎంఎం సరిపోతుంది. ఎగిరేవాటికి షట్టర్ 1/2000.

24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటో) ఒక్కొక్కటి 25 నుంచి 30 ఎంబీ. ఇద్దరు కలిసి నాలుగు వేల ఫొటోలు తీస్తే వంద జీబీ దాటుతుంది. రాత్రికి రాత్రే రెండు ఎస్ఎస్‌డీల్లోకి ఎక్కించి, ఒకటి ఒక కారులో, రెండోది ఇంకో కారులో పంపాలి. ఆల్బమ్ ఇంటికి చేరేదాకా కార్డులు ఫార్మాట్ చేయకూడదు. ఆల్బమ్ 12 బై 36 అంగుళాల కరిజ్మా షీటు, అంటే రెండు పేజీలు కలిసిన ఒకే పరుపు. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) పొడవున 10800 పిక్సెళ్లు కావాలి, 24 మెగాపిక్సెల్ ఫొటోకి ఉండేవి 6000. ఒక్క ఫొటోనే షీటంతా పరిస్తే 170 డీపీఐ కూడా రాదు. దూరం నుంచి చూసే జంట ఫొటోకి అది చాలు. ముప్ఫై ముఖాలున్న గ్రూపు ఫొటోని మాత్రం 18 అంగుళాల పేజీ దాటించకూడదు, మధ్య మడత ఎవరి ముఖం మీదా పడకూడదు.