బల్లకు ముందు రాత్రి

రేపు బల్ల (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు భోజనం) అంటే, దానికి ముందు మనల్ని మనం పరీక్షించుకోవాలి కదా అని చాలామంది శనివారం రాత్రి నిద్ర మత్తులో ఓ ప్రార్థన చేసేసి "పరీక్షించుకున్నాం" అనుకుంటారు. కష్టకాలంలో అది చాలదు. ఒక్కోసారి గాయాన్ని కెలుకుతుంది కూడా.

ఓ 20 నిమిషాలు కేటాయించండి. ముందు బైబిల్లో 139వ కీర్తన చివరి రెండు వచనాలు నెమ్మదిగా, పైకి చదవండి. అక్కడ మన హృదయాన్ని వెతకమని అడిగేది దేవుణ్ణి. ఆ పని మనమే నెత్తినేసుకుంటే పరీక్ష కాస్తా నేరవిచారణ అయిపోతుంది. తర్వాత వారం రోజుల్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని ఒకే ఒక్క విషయం కాగితం మీద పెట్టండి. "నేను పాపిని" అని రాస్తే లాభం లేదు. "మంగళవారం అత్తయ్య ఫోన్ కావాలనే ఎత్తలేదు" అని రాయండి. ఆవిడకి ఆ రాత్రే ఫోన్ చేయండి.

"ఈ జబ్బు ఏ పాపానికొచ్చింది?" అని మాత్రం తవ్వుకోవద్దు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులూ అదే అడిగారు, యేసు ఆ లెక్కే ఒప్పుకోలేదు.

ఒంట్లో ఓపిక లేదా? కాగితం పక్కన పెట్టేయండి. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకి దేవదూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే, రెండోసారి తట్టిలేపి తినమన్నాడు. "ఇక్కడ నీకేం పని" అన్న దేవుని ప్రశ్న 40 రోజుల ప్రయాణం తర్వాత, హోరేబు కొండ గుహలో వచ్చింది.

మాటలే రాని రాత్రి 88వ కీర్తన చదవండి, అది చీకట్లోనే ముగుస్తుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోతే పాస్టరుగారితో పాటు డాక్టరుకీ చెప్పండి.