థర్టీ-ఆట్-సిక్స్: మిలిటరీ కేసుల షోల్డర్ తంటా

మళ్ళీ అదే గీత! మళ్ళీ నింపి కాల్చడానికి దాచిన థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్ తూటా కేసు (ఖాళీ ఇత్తడి గొట్టం) అడుగుకి కాస్త పైన, చుట్టూ మెరుస్తూ. కొన వంచిన పేపర్ క్లిప్‌తో లోపల గీరితే గాడి తగులుతోంది. గోడ పల్చబడిందన్నమాట. ఇంకోసారి కాలిస్తే కేసు రెండు ముక్కలే. గాడి తగిలినవన్నీ చెత్తలోకి.

ప్రైమర్ (పౌడర్‌ని రగిలించే చిన్న మూత) కదలకుండా మిలిటరీ వాళ్ళు నొక్కిన అంచు, అంటే క్రింప్, తీయడం, కేసు పొడవు 2.484 అంగుళాలకు ట్రిమ్ చేయడం సాఫీగా అయ్యాయి. 165 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లు 100 గజాల్లో అంగుళంన్నర లోపే పడుతున్నాయి.

పేచీ అంతా షోల్డర్‌తోనే, అంటే కేసు ఒళ్ళు మెడ వైపు సన్నబడే చోటుతో. ఇవి గరాండ్‌లో (అమెరికా సైన్యపు పాత సెమీ-ఆటోమేటిక్ రైఫిల్) పేలిన లేక్ సిటీ (అమెరికా సైనిక తూటాల కర్మాగారం) కేసులు. కేసుని నొక్కి సైజుకి తెచ్చే డైని, ప్రెస్‌లో కేసుని పట్టి ఉంచే షెల్‌హోల్డర్‌కి ఆనేదాకా దింపితే, నా బోల్ట్ రైఫిల్లో (బోల్టుని చేత్తో లాగి మూసేది) పేలిన కేసు కన్నా షోల్డర్ 0.008 అంగుళాలు వెనక్కి పోతోంది. కావలసింది 0.002. పేలిన ప్రతిసారీ ఆ ఖాళీ నిండాలంటే అడుగు దగ్గరి ఇత్తడే సాగాలి. ఆ గీత అక్కడిదే. (కొలిచే ముందు పాత ప్రైమర్ తీసేయాలి, ఉబ్బి ఉంటే లెక్క తప్పుతుంది.)

డైని ఎనిమిదో వంతు చుట్టు, అంటే సుమారు 0.009, పైకి తిప్పితే బోల్టు మూయడమే కష్టమైంది. ఒళ్ళు నొక్కుకుపోయిన ఇత్తడి షోల్డర్‌ని ముందుకు తోస్తుంది మరి. పన్నెండో వంతు దగ్గర ఆపితే కొన్ని 0.001, కొన్ని 0.006. అదే డై, కేసుకి పూసే అదే లూబ్ (జారుడు నూనె)!

ప్రెస్ వంగుతోందా? హ్యాండిల్‌ని అడుగున ఐదు సెకన్లు పట్టి ఉంచితే తేడా కొంచెం తగ్గింది, పోలేదు. అసలు అనుమానం ఇత్తడి గట్టిదనం మీద: ఒకసారి పేలినవీ నాలుగుసార్లు పేలినవీ కలిసిపోయాయి, గట్టివి నొక్కాక స్ప్రింగ్‌లా పాత రూపానికి ఎక్కువ తిరిగొస్తాయి. అనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) గుత్తి 0.002 నుంచి 0.004 మధ్య నిలబడింది. ఒకటి రెండు ఇంకా మొండికేస్తున్నాయి, వాటికి లూబ్ సమంగా అంటలేదేమో.

1906లో అమెరికా సైన్యం తీసుకున్న ఈ తూటాని వేటగాళ్ళు వదలకపోవడానికి సగం కారణం ఈ మిలిటరీ ఇత్తడే. జింకకి 150 గ్రెయిన్ల బుల్లెట్, ఎల్క్‌కి (పెద్ద జాతి దుప్పి) 180, రైఫిల్ మార్చక్కర్లేదు. 308 అనే ఇంకో తూటా పొట్టి యాక్షన్‌లో (రైఫిల్లో బోల్టు ఆడే భాగం) ఇమిడిపోతుంది, నిజమే, కానీ 180 దాటితే పాతదే మేలు.

తర్వాత పెట్టి చూడాల్సింది రెడింగ్ కంపెనీ షెల్‌హోల్డర్ల సెట్: కేసుని డైలోకి 0.002 నుంచి 0.010 అంగుళాల దాకా తక్కువ పంపేవి. డై గట్టిగా ఆనుతుంది కాబట్టి ప్రెస్ సంగతి తేలిపోతుంది. ఆ పైన 180 గ్రెయిన్లు, నెమ్మదిగా మండే పౌడర్‌తో. అది బోల్ట్ రైఫిల్‌కే. గరాండ్‌లో వేస్తే ఆపరేటింగ్ రాడ్ (బోల్టుని వెనక్కి లాగే కడ్డీ) వంగొచ్చు.