గురువారం ఓపీ: పిత్తాశయం తీయించుకోవాలా, ఆగాలా?

గురువారం.

ఈ రోజు ఓపీలో ఎక్కువసేపు పట్టిన కేసు ఒకటే. గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపు పైభాగాన్ని చిన్న సంచిగా వేరు చేసి పేగుకి కలిపే, బరువు తగ్గించే ఆపరేషన్) అయి ఎనిమిది నెలలు దాటిన ఆవిడ. ముప్ఫై కిలోలకు పైగా తగ్గారు, షుగర్ మాత్రలు ఆగిపోయాయి. చేతిలో కడుపు స్కానింగ్ రిపోర్టు: పిత్తాశయంలో చాలా రాళ్లు, పెద్దది 6 మి.మీ., గోడ మందం 2 మి.మీ., సీబీడీ (లివర్ నుంచి పేగుకి పైత్యరసం మోసే పసరు గొట్టం) 5 మి.మీ. పక్కన కూర్చున్న భర్త అడిగిన మొదటి మాట, "రాళ్లు మటుకు తీసేసి తిత్తి ఉంచెయ్యకూడదా డాక్టరుగారూ?"

అందరూ అడిగేదే. ఉంచి లాభం లేదు. ఒకప్పుడు అలాగే తిత్తిని కోసి రాళ్లు తీసి వదిలేసేవారు, అందులోనే మళ్లీ కట్టేవి. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తిత్తినే మొత్తంగా తీసెయ్యడానికి కారణం అదే. ఇక కిడ్నీ రాయిలా పడిపోతుందేమోనన్న ఆశ ఒకటి ఉంటుంది. ఇది మూత్రం దారి కాదు. కొండపిండి ఆకు కషాయం, బార్లీ నీళ్లు ఎంత తాగినా ఈ రాళ్లకు ఏమీ కాదు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగిన మర్నాడు విరేచనంలో పడే పచ్చటి ఉండలు రాళ్లు కావు, ఆ నూనే పేగులో సబ్బులా మారి గట్టిపడిన ముద్దలు.

బరువు తగ్గాక రాళ్లెందుకు వస్తాయో ఆవిడకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చింది. పిత్తాశయంలో పట్టేది 30 నుంచి 50 మి.లీ. పసరు. వారానికి కిలోన్నరకు మించి బరువు పడిపోతుంటే ఒంటి కొవ్వులో ఉన్న కొలెస్ట్రాల్ కరిగి పసరులో చేరుతుంది. తిండిలో కొవ్వు లేకపోతే పిత్తాశయం ముడుచుకోదు, పసరు కదలదు. నిలవున్న పసరులో ముందు బురద, తర్వాత రాళ్లు. రాళ్లు రాకుండా ఇచ్చే మాత్ర వాడకపోతే బైపాస్ అయినవాళ్లలో సుమారు మూడో వంతుకు ఆరు నెలల్లోనే స్కానింగులో రాళ్లు కనబడతాయి. నొప్పి దాకా వెళ్లేది అందులో కొందరికే.

ఆవిడ నెలల తరబడి తిన్నవి ఇడ్లీ, వెన్న తీసిన మజ్జిగ, గుడ్డు తెల్లసొన, నీళ్లలో కలిపిన ప్రొటీన్ పొడి. నూనె చుక్క తగలనివ్వలేదట. ఎవరో మెచ్చుకున్నారు కూడా. ఈ సలహా నాకు అసలు గిట్టదు. రోజులో ఒక్క పూటైనా 10 గ్రాముల కొవ్వు, అంటే రెండు టీస్పూన్ల నూనె, లోపలికి వెళ్తేనే పిత్తాశయం పిండుకుని ఖాళీ అవుతుంది. దానికి తోడు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, మన షాపుల్లో ఉడిలివ్ పేరుతో దొరికేది. బైపాస్ అయితే 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, స్లీవ్ (కడుపుని నిలువునా కోసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) అయితే 500 మి.గ్రా. ఒకసారి, ఆరు నెలల పాటు. చాలామంది విటమిన్ మాత్రలతోనే విసిగిపోయి రెండో నెలలో దీన్ని వదిలేస్తారు. రాళ్లు లేనివాళ్లకు ఈ మాత్ర అవి రాకుండా కాపాడుతుంది. నెదర్లాండ్స్‌లో 900 మి.గ్రా.తో జరిగిన పెద్ద అధ్యయనంలోనూ మేలు కనబడింది ముందు రాళ్లు లేనివాళ్లలోనే. అందుకని ఈవిడకు ఇప్పుడు మాత్రతో సరిపెట్టడం కుదరదు.

రాళ్లున్నంత మాత్రాన తీసెయ్యక్కర్లేదు. ఆవిడకొచ్చిన నొప్పి పిత్తాశయానిదేనా అన్నదే అసలు ప్రశ్న. రెండుసార్లు వచ్చిందట, రెండూ రాత్రి పూటే, ఒకటి పెళ్లి భోజనం చేసిన రాత్రి. పొట్ట పైభాగంలో మొదలై కుడి రెక్క ఎముక దాకా లాగింది, రెండు మూడు గంటలు వదల్లేదు, వాంతి అయినా తేలికపడలేదు. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకున్నారు. ఇది పిత్తాశయం నొప్పే.

ఇంకో రకంగా చెప్పి ఉంటే నిర్ణయం మారిపోయేది. తీపి తిన్న పది నుంచి ముప్ఫై నిమిషాల్లో చెమటలు, గుండెదడ, విరేచనం అయితే డంపింగ్, అంటే తిన్నది ఒక్కసారిగా పేగులోకి దిగిపోవడం. ముద్ద దిగగానే రొమ్ము మధ్య పట్టేసి వెనక్కి వస్తే గబగబా తిన్నారనో, సంచినీ పేగునీ కలిపిన చోట సన్నబడిందనో చూడాలి. సిగరెట్టో, కీళ్లనొప్పుల మాత్రలో అలవాటున్నవాళ్లకి మంట నొప్పి అయితే కలిపిన చోట పుండు, దానికి ఎండోస్కోపీ. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వచ్చి పోయే నొప్పి అన్నిటికన్నా భయపెట్టేది. బరువు తగ్గే కొద్దీ పేగు పొరల్లోని సందులు పెద్దవై పేగు వాటిలో ఇరుక్కుంటుంది. దానికి సీటీ స్కాన్ కావాలి. సీటీ బాగుందని వచ్చినా నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే లాప్రోస్కోపీతో లోపల చూడాల్సిందే. పిత్తాశయంలో రాళ్లున్నాయి కదా అని నేరం దాని మీద వేసి తీసేస్తే, పేగు అక్కడే ఇరుక్కుని ఉంటుంది.

ఈవిడ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, లైపేజ్ (లివర్, పాంక్రియాస్ రక్తపరీక్షలు) నార్మల్. ఎంఆర్‌సీపీ (పసరు గొట్టాల ఎంఆర్‌ఐ స్కాన్) అక్కర్లేదు. "ఇంకా రెండు నెలలు చూద్దామా, పిల్లలకి పరీక్షలు" అన్నారు భర్త. ఒద్దన్నాను. కారణం ఆవిడకైన బైపాసే. చిన్న రాయి జారి పసరు గొట్టంలో ఇరుక్కుంటే మామూలుగా నోట్లోంచి ఎండోస్కోపు పంపి, ఈఆర్‌సీపీతో లాగేస్తారు. స్లీవ్ అయినవాళ్లకి ఆ దారి తెరిచే ఉంటుంది. బైపాస్‌లో చిన్న సంచి నుంచి మీటరుకు పైగా పేగు దాటి, మళ్లీ వెనక్కి తిరిగి లివర్ వైపు ఎక్కాలి. మామూలు స్కోపు అందదు. పొట్టకి రంధ్రం పెట్టి పాత కడుపులోంచి స్కోపు పంపడమో, పొడుగాటి బెలూన్ స్కోపో, అల్ట్రాసౌండ్ ఎండోస్కోపీతో సంచికీ పాత కడుపుకీ మధ్య దారి చెయ్యడమో చెయ్యాలి. ఇవి పెద్ద సెంటర్లలోనే జరుగుతాయి. మినీ బైపాస్ అయినా ఇదే చిక్కు. అర్ధరాత్రి జ్వరం, చలి, కామెర్లతో ఊళ్లో ఉన్నప్పుడు ఈ పని పడకూడదు. నొప్పి మొదలైన బైపాస్ పేషెంటుకి ప్లాన్ చేసుకుని తీయించుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆపరేషన్ ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, ఆల్బుమిన్, డీ విటమిన్‌తో పాటు రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ చూడాలి. కే విటమిన్ తక్కువైతే రక్తం గడ్డకట్టదు. నాలుగు చిన్న రంధ్రాలు, చాలామంది మర్నాడు ఇంటికి వెళ్లిపోతారు. సర్జన్‌ని అడగాల్సినవి రెండు రాసిచ్చాను. తిత్తి గొట్టంలోంచి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, పసరు గొట్టంలో రాయి లేదని అక్కడే తేల్చుకుంటారా? ఎలాగూ కెమెరా లోపలుంటుంది కాబట్టి పేగు పొరల సందులు తెరుచుకున్నాయేమో చూసి కుట్టేస్తారా? పసరు గొట్టానికి గాయం అన్నది వెయ్యిలో మూడు నుంచి అయిదుగురికి జరిగేది. బైపాస్ తర్వాత దాన్ని సరిచెయ్యడం మరీ కష్టం. అందుకే లోపల వాపు మరీ ఎక్కువుంటే తిత్తిలో కొంత భాగం వదిలేసి బయటపడే సర్జన్ మంచి సర్జనే.

ఒక విషయం మాత్రం ఇద్దరి చేతా తిరిగి చెప్పించుకున్నాను. రెండు మూడు రోజులు వాంతులై ఏమీ నిలవక దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తే ముందు పెట్టేది గ్లూకోజ్ బాటిల్. బైపాస్ అయినవాళ్లకి థయమిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి కళ్లు తిరగడం, నడక తూలడం, మతి తప్పడం దాకా వెళ్లొచ్చు. బాటిల్ కన్నా ముందు థయమిన్. డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్లో ఉండాలి. ఒట్టి "బైపాస్ అయింది" అంటే గుండెకనుకుంటారు.

తీశాక కొందరికి, పదిమందిలో ఒకరికి అనుకోవచ్చు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. పసరు ఆగే చోటు లేక పెద్దపేగులోకి కారడం వల్ల అది. కొలెస్టిరమైన్ పొడితో తగ్గుతుంది. అది విటమిన్లనీ పట్టేసుకుంటుంది కాబట్టి మిగతా మాత్రలు దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. నొప్పికి పారాసెటమాల్ చాలు, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి కీళ్లనొప్పుల మాత్రలు వద్దు.

సాయంత్రం ఓపీలో ఇంకొకాయన, స్లీవ్ అయి రెండేళ్లు. కంపెనీ హెల్త్ చెకప్‌లో రెండు రాళ్లు కనబడ్డాయి. ఏ రోజూ నొప్పి లేదు, బరువు స్థిరంగా ఉంది. వెంటనే తీయించుకోమని ఎవరో తొందరపెట్టారట. అక్కర్లేదని పంపించాను. రాయి 3 సెం.మీ. దాటినా, గోడ సున్నంలా గట్టిపడినా, పాలిప్ (లోపలి గోడ మీద పెరిగిన చిన్న కండ) 10 మి.మీ. ఉన్నా అప్పుడు వేరే మాట. ఈయనకి ఆరు నెలలకోసారి స్కానింగ్ కూడా దండగే. చాలా హెల్త్ పాలసీల్లో పిత్తాశయం రాళ్లకి రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, కొత్త పాలసీకి మారే ముందు అది చూసుకోమన్నాను. తిన్నాక గంటల తరబడి పొట్ట పైభాగంలో నొప్పి వస్తే ఆ వారంలోనే రావాలి. జ్వరం, పచ్చటి కళ్లు, ముదురు రంగు మూత్రం, తెల్లటి విరేచనం, వీపులోకి పొడిచే నొప్పి, వీటిలో ఏది కనబడినా ఆ రోజే.