సుత్తి వీరభద్రరావు గారి గొంతు: 14 క్యాసెట్లలో 9 అయ్యాయి

మొదటి వారం

నాన్న దగ్గర బిస్కెట్ల డబ్బాలో 14 క్యాసెట్లున్నాయి. కొన్ని అప్పట్లో కొట్లలో అమ్మిన సినిమా మాటల క్యాసెట్లు. మిగతావి టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి నాన్నే రికార్డు చేసినవి. అన్నిటి మీదా ఒకటే పేరు: హాస్యనటుడు వీరభద్రరావు.

నాన్నకి ఆయన సినిమాల్లోకి రాకముందే తెలుసు. వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో ఉన్న రోజుల్లో నాన్న రేడియో నాటకాల్లో విన్న గొంతు అది. 1982లో దర్శకుడు జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' సినిమా వచ్చి మామిడిపల్లి వీరభద్రరావు సుత్తి వీరభద్రరావు అయ్యాక, మా ఇంట్లో 'సుత్తి కొట్టకు' అన్న మాట రోజుకి పదిసార్లు వినపడేది. ఆరేళ్ళు తిరిగేసరికి, 1988 జూన్ 30న ఆయన పోయారు. ఆ పూట నాన్న అన్నం ముట్టలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఈ జూన్ 30 లోపల అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

రెండో వారం

రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన పాత టూ ఇన్ వన్ తిరగలేదు. విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంది. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవడానికే ఒక పూట పట్టింది. కొత్త బెల్టు వేశాను. టేపుని చదివే హెడ్డునీ, టేపుని లాగే రబ్బరు చక్రాన్నీ కూడా తుడిచాను. ఇప్పుడు ప్రతి క్యాసెట్‌కీ ముందు ఇదే చేస్తున్నాను.

రెండు క్యాసెట్లలో టేపు మీద తెల్లగా బూజు. అవి పక్కన పెట్టాను, తొందరపడి ప్లేయర్‌లో పెడితే మిగతావాటికీ అంటుకుంటుంది. ఇంకోదానిలో టేపుని హెడ్డుకి అదిమే స్పాంజి ముక్క ఊడిపోయింది. ఖాళీ క్యాసెట్ స్క్రూలు విప్పి దాని ముక్క తీసి ఇందులో పెట్టాను. నాన్న రికార్డు చేసినవాటి మీద మళ్ళీ ఎవరూ పొరపాటున రికార్డు చెయ్యకుండా, పైనున్న ప్లాస్టిక్ చెవులు విరగ్గొట్టేశాను. ఒక క్యాసెట్ మీద సగం దాకా పిన్ని భజనలు ఎక్కించేసింది, ఆ భాగం ఇక రాదు.

నాలుగో వారం

మొదట గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టు వినిపించింది. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ 'స', 'చ' అక్షరాలు పదునుగా పలికే చోట ఆపాలి. ఏ క్యాసెట్‌కి ఆ క్యాసెట్ సరిచూసుకోవాలి. ప్లేయర్ వైరు ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే మాట పగిలిపోయింది. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని, రికార్డు చేసేటప్పుడు ఛార్జర్ తీసేస్తే వెనకాల గుయ్ మనే మోత కూడా పోయింది.

రికార్డింగ్ లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా ఎక్కాలో, పెట్టడమే కష్టం. ఆయన నెమ్మదిగా, బుద్ధిమంతుడిలా మొదలుపెట్టి, ఊపిరి తిప్పుకోకుండా మాట మీద మాట పేర్చుకుంటూ పోయి ఒక్కసారి విరుచుకుపడతారు. మొదటి మాటలకి సరిపోయే లెవెల్ పెడితే చివరి అరుపు చెడిపోతుంది. అందుకే ముందు ఆయన అరిచే చోటు వెతికి, అది మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకుండా పెట్టి (సున్నా దాటితే శబ్దం పగులుతుంది), అప్పుడు మొదటినుంచీ రికార్డు చేస్తున్నాను. మోనోలో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. అరగంట పట్టే ఒక వైపుకి ఫైలు దాదాపు 160 ఎంబీ.

ఆరో వారం

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, వెనక మోత తగ్గించే నాయిస్ రిడక్షన్ వాడి చూశాను. టేపు బుస పోయింది, గొంతు శుభ్రంగా వచ్చింది. కానీ ఏదో తేడా. మూడుసార్లు విన్నాక తెలిసింది: విరుచుకుపడే ముందు ఆయన పీల్చే ఊపిరి లేదు. ఆ ఊపిరి వినగానే మనకి నవ్వు మొదలైపోతుంది, తిట్టు తర్వాత వస్తుంది. రేడియోలో మొహం కనపడని చోట పనిచేసిన మనిషికి ఊపిరి కూడా ఒక సంభాషణే అనిపించింది. నాయిస్ రిడక్షన్ మానేశాను, బుస ఉండనీ. అప్పటికి చేసిన నాలుగూ మళ్ళీ చేశాను.

'రెండురెళ్ళు ఆరు' క్యాసెట్‌లో ఇంకో సంగతి. టీవీ ముందు రికార్డు చేసింది కాబట్టి మా ఇంటి నవ్వులూ పడ్డాయి. నాన్న నవ్వుకి తర్వాతి మాట వినపడదు. అది కూడా కత్తిరించలేదు.

ఈ ఆదివారం

తొమ్మిది పూర్తి. నాన్నకి ఇప్పుడు కుడి చెవి సరిగా వినపడదు, హెడ్‌ఫోన్స్ పెట్టి 'శ్రీవారికి ప్రేమలేఖ' వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. వీరభద్రరావు గారు ఊపిరి పీల్చే చోట నాన్న చెయ్యి పైకి లేచింది, ఆగమన్నట్టు. అయిపోయాక కళ్ళు తుడుచుకుని, "రెండో వైపు వెయ్యి" అన్నారు.