తప్పు దొరకలేదు, అయినా చించేసింది

గ్రీకుల నేతపిల్ల అరాక్నీ కథలో నాకు విచిత్రంగా అనిపించేది ఆ పిల్ల సాలీడు అయిపోవడం కాదు. ఆడమనిషి రాయి అయ్యేది, రాజు కొండచిలువ అయ్యేది మనం చిన్నప్పట్నుంచి వింటానే ఉన్నాం, అదేం కొత్త కాదు. విచిత్రమంతా దానికి ముందే ఉంది. ఆ పిల్లకీ, నేత విద్యకి దేవతైన ఎథీనాకీ నేతలో పోటీ. ఇద్దరూ నేసేసినారు, పోటీ అయిపోయింది, ఎథీనా వచ్చి ఆ పిల్ల నేసిన బట్టని చూసింది. ఎంత చూసినా తప్పు దొరకలా. అసూయే వచ్చి వెతికినా ఇందులో వంక పెట్టలేదు అని రాసినాడు ఈ కథ చెప్పిన కవి ఓవిడ్. తప్పు దొరక్కపోతే ఏం చేయాలి? మెచ్చుకోవాలి, లేదంటే నోరు మూసుకోనుండాలి. ఈ తల్లి బట్టని చించిపారేసి, చేతిలో ఉన్న నాడెతో ఆ పిల్ల నుదుటి మీద కొట్టింది. ఒక దెబ్బ కూడా కాదు, మూడు నాలుగు.

ఇంతకన్నా చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఎక్కడా చదవలేదు నేను.

కథ తెలియనోళ్ళకి టూకీగా చెప్తా. అరాక్నీది లిడియా, ఇప్పటి టర్కీ వైపు. నాయన పేరు ఇడ్మోన్, ఉన్నికి ఊదా రంగు అద్దే పని, అమ్మ లేదు, గొప్ప ఇల్లు కాదు, ఉండేది చిన్న ఊరు, పేరొచ్చింది మాత్రం చేతి పనితోనే. ఆమె నేస్తా ఉంటే వనదేవతలు తోటలు వదిలిపెట్టి చూడ్డానికొచ్చేవాళ్ళంట, నేసిన బట్టనే కాదు, నేసే తీరుని చూడ్డానికి. ఈ విద్య ఎథీనా దగ్గర నేర్చుకున్నావా అని ఎవరన్నా అడిగితే ఒప్పుకోదు, రమ్మను పోటీకి అంటాది. దేవత ముసలమ్మ వేషంలో కర్ర పట్టుకుని వచ్చి, మనుషుల్లో గొప్పదానివి అనిపించుకో చాలు, దేవతకి మాత్రం తల వంచు అని బుద్ధి చెప్తే, ఈ ముక్కలు నీ కోడలికో కూతురికో చెప్పుకో పో అంటాది. నాకు ఆ పిల్ల అక్కడే నచ్చేసింది. పోటీ అయినాక ఆ దెబ్బలు తట్టుకోలేక ఉరి వేసుకుంటే, ఎథీనా కనికరించి సాలీడుగా మార్చేసింది.

అందరం గ్రీకు కథ అంటాం గానీ మనకి ఇంత వివరంగా అందింది రోమన్ కవి ఓవిడ్ దగ్గర్నుంచి, మెటమార్ఫోసెస్ అనే ఆయన కావ్యంలో ఆరో పుస్తకం. అదే ఓవిడ్‌ని క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తి నల్ల సముద్రం ఒడ్డున టోమిస్ అనే ఊరికి తోలేసినాడు. ఎందుకయ్యా అంటే ఒక కవిత, ఒక పొరపాటు అని ఓవిడే రాసుకున్నాడు, ఆ పొరపాటు ఏందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. పాపం మళ్ళీ రోము మొహం చూడలా, అక్కడే పోయినాడు.

సరే, ఇదంతా ఇప్పుడు ఎందుకంటే మేం కొంతమందిమి నెలకోసారి ఆదివారం సాయంత్రం ప్రకాశం పార్కులో కూర్చుంటాం, ఒక కథ అనుకుంటాం, అందరం దాని మీద కవిత రాసుకోనొస్తాం, చదివి ఒకరిది ఒకరం తిప్పి తిప్పి చూస్తాం. ఒకటే రూలు, "చాలా బాగుంది" అనకూడదు. మన తిరుపతిలో సాహిత్య సభ అంటే ఎట్లుంటాదో తెలుసు కదా, శాలువా, దండ, మెమెంటో, ఫోటో, మధ్యలో కవిత. ఆ జబ్బు మాకొద్దని ముందే అనుకున్నాం. అరాక్నీని ఎందుకు పట్టుకున్నామంటే, సాలీడు అనగానే మా వైపు ఎవరికైనా శ్రీకాళహస్తే గుర్తొస్తాది, ఊరి పేరులోనే శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. అక్కడ సాలీడు శివుడికి దారాలతో గుడి కడతాది, ఇక్కడ నేతపిల్ల దేవుళ్ళ బండారం బయటపెట్టి సాలీడైపోతాది. రెండూ పక్కపక్కన పెడితే ఏమొస్తాదో చూద్దామని.

ముందు బ్యాంకులో పనిచేసే అన్న చదివినాడు. ఆయనది ఎప్పుడూ దీపాలు, రాత్రులు, ఒంటరితనం.

"దీపం కింద ఒంటరిగా
మగ్గం గుంటలో కూర్చుని
పోగుతో మాట్లాడుతోంది అరాక్నీ"

మాలో వెంకటగిరి అమ్మాయి ఒకామె ఉంది, ఇక్కడ యూనివర్సిటీలో చదువుకుంటా ఉంది, వాళ్ళ నాయన మగ్గం మీద జాందానీ నేస్తాడు. ఆమె వెంటనే, "అన్నా, ఒంటరిగా ఎట్ల నేస్తాది? కండెలు ఎవరు చుట్టిచ్చినారు?" అనింది. అన్నకి అర్థం కాలా. అప్పుడు చెప్పుకొచ్చింది, వాళ్ళింట్లో నాయన మగ్గం ఎక్కినాడంటే అమ్మ కండెలు, అంటే నాడెలో పెట్టే నూలు చుట్టలు, చుడతా కూర్చుంటాది, పడుగు పట్టే రోజు వీధిలోవాళ్ళు వచ్చి చెయ్యేస్తారు, పెద్ద బుటా పనైతే ఒకే మగ్గం మీద ఇద్దరు ఆనుకోని కూర్చుంటారు, పేక ఒక వరస పడాలంటే ఇద్దరి వేళ్ళూ ఒకేసారి ఆగాలి అని. "ఒంటరిగా ఉండేది మగ్గం కాదన్నా, మీరు" అనేసింది. అందరం నవ్వినాం, అన్న కూడా.

నేను ఇంకోటి చెప్పినా. ఆ కాలం గ్రీకుల మగ్గానికి గుంట లేదు. నిలువు మగ్గం, పడుగు పోగులు పైనుంచి కిందికి వేలాడతాయి, చివర్లో మట్టి బరువులు కట్టుంటారు, నేసేవాళ్ళు నిలబడి అటూ ఇటూ నడుస్తా నేయాల. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 6వ శతాబ్దం నాటి చిన్న నూనె కూజా ఒకటుంది, అమాసిస్ పెయింటర్‌ది అంటారు, దాని మీద మగ్గం ముందు ఇద్దరు ఆడోళ్ళు నిలబడే ఉంటారు. ఓవిడ్ కూడా ఈ ఇద్దరూ బట్టలు పైకి బిగించుకుని పనిలో దిగినారనే రాస్తాడు. అన్న ఫోన్లో ఆ బొమ్మ చూసి చాలాసేపు ఏం మాట్లాడలా. తర్వాత నెల కవితలో దీపం పోయింది, రాత్రి పోయింది, ఇది వచ్చింది:

"నాయన వేళ్ళకి అంటిన ఊదా రంగు
ఎన్ని నీళ్ళు పోసినా పోలేదు
ఆ చేత్తోనే పోగు అందించినాడు
ఆమె నిలబడే అందుకుంది"

ఇది ఆయన రాసిన వాటిల్లో నాకు బాగా నచ్చింది. రూలు తప్పినట్టే, ఏం చేస్తాం.

స్కూల్లో టీచరుగా చేసే అక్క మాత్రం అరాక్నీ జోలికే పోలా. ఆమె ఎథీనా నేసిన బట్ట పట్టుకుంది. ఆ బట్ట నడిమధ్యలో ఏథెన్స్ ఊరు నాదంటే నాదని సముద్ర దేవుడు పొసైడన్‌తో ఎథీనా పోట్లాడి గెలిచిన కథ ఉంటాది. నాలుగు మూలల్లో నాలుగు చిన్న బొమ్మలు, దేవుళ్ళతో పెట్టుకుని పాడైపోయిన మనుషులవి, అంటే చూసుకో బిడ్డా అని ముందే బెదిరింపు అన్నమాట. అందులో ఒక మూల సినిరాస్ అనే తండ్రి. వాళ్ళ కూతుళ్ళు గుడి మెట్లయిపోయినారు, ఆయన ఆ రాళ్ళని కావలించుకుని ఏడుస్తా పడుంటాడు. అంతే, ఓవిడ్ రెండు మూడు వరసల్లో తేల్చేసినాడు. అక్క ఆ మెట్లని తీసుకోనొచ్చి అలిపిరిలో పెట్టింది. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ రాసుకుంటా, కర్పూరం పెట్టుకుంటా ఎక్కే ఆడమనిషి, 3,550 మెట్లు, ఎక్కడో మధ్యలో నడుం పట్టేసి వంగినప్పుడు వేళ్ళ కింద మెట్టు వెచ్చగా తగుల్తాది, ఎండకా ఇంకేమన్నానా అని ఒక్క క్షణం ఆగుతాది, మళ్ళీ కుంకుమ పెడతాది.

కవిత అక్కడ ఆగుంటే సరిపోయేది. అక్క ఇంకో నాలుగు లైన్లు రాసింది, క్షమించు తల్లీ, నిన్ను తొక్కి నడిచినాను తల్లీ అని. దీన్ని పట్టుకున్నది మా సారు. రిటైరైన తెలుగు లెక్చరర్, ఛందస్సు ఆయన నోట్లో నీళ్ళు తాగినట్టు ఉంటాది. "వెచ్చగా తగిలింది అన్నావు కదమ్మా, ఇంక క్షమాపణ ఎందుకు? ఆ నాలుగూ నువ్వు రాయలేదు, భయం రాసింది, తీసెయ్" అన్నారు. పెన్సిల్ తీసి అడ్డంగా ఒక గీత కొట్టి కాగితం తిరిగిచ్చినారు. అక్క ముఖం చిన్నదైంది, కొంచెంసేపటికి తనే మళ్ళీ చదువుకుని "నిజమే సార్" అనింది. వేరేవాళ్ళ కవితలో అక్కర్లేని లైను ఎక్కడుందో సారు కన్ను తప్పదు, ఇది ఒప్పుకోవాల్సిందే.

అట్లాంటి సారు కవిత వచ్చేసరికి మా అందరికీ రూలు మర్చిపోయే జబ్బు. ఆయన ఎప్పుడూ చివర్లోనే చదువుతారు, చదవగానే అందరం తలలూపుతాం, ఇంక లేచి ఇళ్ళకి పోతాం. ఈసారి సీసం రాసుకోనొచ్చినారు, కింద తేటగీతితో సహా. గర్వభంగం అనేది విషయం. విద్య ఇచ్చిన తల్లినే ధిక్కరించిన పిల్ల, ఆఖరికి తన కడుపులోంచి తీసిన దారానికే తను వేలాడింది అని. గణాలు లెక్కకి లెక్క, యతి ఎక్కడా జారలా. వెతికినా తప్పు దొరకదు.

"సార్, ఆ పిల్ల బట్ట మీద ఏం నేసిందో మీ పద్యంలో లేదే" అనింది వెంకటగిరి అమ్మాయి.

"అది అవసరమామ్మా? కథ గర్వం గురించి."

"బట్టలో ఏముందో చూసినాకే కదా సార్ చించింది? మా ఊర్లో షావుకారు కూడా చీరని వెలుతురుకి పట్టి చూస్తాడు, పోగు ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించి మజూరీ కోస్తాడు. మా నాయన తిట్టుకుంటాడు గానీ ఆ వేలు పెట్టిన చోట తప్పు ఉంటాది. తప్పు చూపించకుండా చీర చించిన షావుకారు ఇంతవరకు లేడు సార్."

ఎవరూ కదల్లా. బొరుగులమ్మే ఆయన వచ్చి మసాలా వేయమంటారా అని అడిగితే కూడా ఎవరూ పలకలేదు పాపం.

ఆమె అన్నది నిజం. అరాక్నీ నేసిందంతా దేవుళ్ళు వేషాలు మార్చి ఆడోళ్ళని మోసం చేసిన కథలే, 20కి పైన ఉంటాయి. ఎద్దు రూపంలో దేవుళ్ళ రాజు జ్యూస్, వీపు మీద ఆయన ఎత్తుకుపోతున్న యూరోపా అనే అమ్మాయి. ఆమె వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూస్తా, నీళ్ళు చిమ్మి తగుల్తాయేమోనని పాదాలు పైకి ముడుచుకుంటాది. ఆ పాదాలు నేయాలంటే ఎంత చూసుండాల ఆ పిల్ల! హంసయి వచ్చినోడు, బంగారు వానయి కురిసినోడు, అందరూ ఉంటారు. చుట్టూ అంచు మాత్రం పువ్వులు, వాటిని అల్లుకున్న తీగ. ఇదంతా తీసేసి గర్వం అంటే, ఎథీనా చేసిన పనే మనం పద్యంలో చేసినట్టు.

నాకు వెంటనే నత్కీరుడు గుర్తొచ్చినాడు, అక్కడే అనేసినాను కూడా. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో వస్తాడు కదా, పాండ్యరాజు కొలువులో కవి. ఒక పేద పూజారికి సాయం చేద్దామని శివుడే పద్యం రాసిచ్చి రాజు దగ్గరికి పంపితే, ఆడవాళ్ళ జుట్టుకి పుట్టుకతో సువాసన ఉంటుందన్నది తప్పు అంటాడు నత్కీరుడు. శివుడే దిగొచ్చినాడు, మూడో కన్ను చూపించినాడు, అయినా తగ్గడు, కన్ను ఎన్ని ఉంటే మాత్రం పద్యంలో తప్పు ఒప్పవుతుందా అని ఆయన లెక్క. కుష్ఠురోగం వచ్చేట్టు శాపం తగిలింది, ఎక్కడెక్కడో తిరిగి చివరికి కాళహస్తిలోనే తేలి బాగుపడినాడు. అక్కడ దేవత మనిషి పనికి వంక పెట్టలేక కొట్టింది, ఇక్కడ మనిషి దేవుడి పద్యానికి వంక పెట్టి తన్నులు తిన్నాడు. ఎటు తిప్పినా పైనున్నోళ్ళకి ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం రాదు, తీసుకోవడం రాదు. సారు గట్టిగా నవ్వినారు, "నాకు మూడో కన్ను లేదులేమ్మా, శుక్లాలు ఉన్నాయి" అన్నారు, అప్పటికి అందరం ఊపిరి పీల్చుకున్నాం.

తర్వాత నెల సీసంలో ఒక పాదం మారింది. యూరోపా ముడుచుకున్న పాదాలు వచ్చి చేరినాయి, నిజం చెప్పాలంటే పద్యం మొత్తంలో కళ్ళకి కనబడేది అదొక్కటే. గర్వభంగం మాత్రం తీయలా. "శిక్ష నా పద్యంలో ఉంటుంది, నీకు ఇష్టం లేకపోతే నీ పద్యంలో తీసెయ్" అన్నారు ఆ అమ్మాయితో. ఆమె అప్పటికే తీసేసింది. ఆమె కవితలో కొట్టడం లేదు, సాలీడు లేదు, నేల మీద పడిన బట్ట ముక్కలు మాత్రమే.

"చించినాక కూడా
అంచులో పువ్వుని తీగ
వదల్లేదు"

దీని కింద ఇంకా రెండు లైన్లు ఉండేవి, తీగ అంటే ఏందో చెప్పేవి. అవి తీసెయ్యమని నేనన్నా, సారు ఉంచమన్నారు, ఆమె తీసేసింది. ఆ గెలుపు నాదని ఇంటికొచ్చి చాలా సంతోషపడినా.

నా కవిత సంగతి ఇంకా తేలలా. కాళహస్తి సాలీడూ అరాక్నీ ఒక గోడ మూలలో కలుసుకుంటారు నా దాంట్లో. కాళహస్తి సాలీడు కథ తెలిసిందే కదా, శివుడి మీద గూడు కడతా ఉంటే పరీక్ష పెట్టడానికి దీపం మంట తగిలించి కాల్చేస్తాడు, అది కోపంతో మంటనే మింగబోతాది, అప్పుడు మోక్షం ఇస్తాడు. నాకు రెండిటికీ తేడా పెద్దగా కనబళ్ళా, ఇద్దరి పనినీ ముందు పాడుచేసి తర్వాత కనికరించినారు. అక్క ఒప్పుకోదు, ఒకటి దేవుడి కోసం నేసింది ఇంకోటి దేవుడి మీద నేసింది, రెండిటినీ ఒక గాటన కట్టొద్దు అంటాది. వెంకటగిరి అమ్మాయిదీ అదే మాట, కారణం వేరే, కాళహస్తి సాలీడు మంట మీదికి పోయింది, అరాక్నీ తన మెడకే ఉరి వేసుకునింది, ఆ తేడా నీకు కనబళ్ళేదా అన్నా అని అడిగింది. కనబడింది. కానీ ఇద్దరినీ విడదీస్తే నా కవితలో గోడ ఒకటే మిగుల్తాది, అందుకే కలిపే ఉంచినా, ఎవరేమనుకున్నా సరే.

వచ్చే నెలకి ఫిలోమెలా. అదీ ఆరో పుస్తకంలోనే ఉంది, జరిగిన ఘోరం బయటికి చెప్పకుండా నాలుక కోసేస్తే, ఆమె దాన్ని బట్టలో నేసి అక్కకి పంపిస్తాది. ఈసారి ముందు తనే చదువుతానని సారు అన్నారు.