వశిష్ఠ ఆవలి ఒడ్డున మండువా ఇల్లు

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే ఉదయానికల్లా నరసాపురంలో దిగవచ్చు. రైలు పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. కోటిపల్లి నుంచి కోనసీమ మీదుగా నరసాపురం రావలసిన మార్గం మంజూరై రెండు దశాబ్దాలు దాటినా ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి అంతర్వేది వైపు వెళ్ళదలచినవారు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి, లేదా గోదావరి పాయ అయిన వశిష్ఠను పంటు మీద, అంటే వాహనాలనూ మనుషులనూ దాటించే పడవ మీద, దాటి సఖినేటిపల్లి రేవులో దిగాలి. మేము పంటునే ఎంచుకున్నాము. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, ఒక ఆటో, పెళ్ళికి వెళ్తున్న కుటుంబం, వారందరి మధ్య మా సామాను. రేవు దాటడానికి పట్టిన సమయం తక్కువే గాని, సముద్రానికి దగ్గరైన గోదావరి ఎంత వెడల్పుగా పారుతుందో తెలిసేది పంటు మీదనే.

మేము ఆరుగురము: నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, పిన్ని, బాబాయి. సంక్రాంతి రద్దీ తగ్గి, అంతర్వేది కల్యాణానికి జనం రావడం ఇంకా మొదలుకాని జనవరి చివరి రోజులు చూసుకొని, కొబ్బరి తోటలో ఉన్న ఒక పాత పెంకుటింటిని అద్దెకు తీసుకున్నాము. యజమాని నగరంలో స్థిరపడ్డాడు. తోటను చూసుకొనే దంపతులే వంట కూడా చేసిపెడతారు.

అది మండువా ఇల్లు. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ స్థలం, దాని మీదికి నాలుగు దిక్కుల నుంచీ వాలిన పెంకుల కప్పు. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ ఆ నడిమి గుంటలోకి దిగి, తూము గుండా పెరట్లోని అరటి మొక్కల మొదళ్ళకు చేరతాయి. గదులు చిన్నవి, చీకటిగా ఉంటాయి. అందుకని పగలంతా ఎవరూ గదుల్లో కూర్చోరు, మండువా చుట్టూ ఉన్న వసారాలోకే వస్తారు. బాబాయి ఒక స్తంభానికి ఆనుకొని పత్రిక చదువుతుంటే, ఎదుటి స్తంభం దగ్గర పిల్లలు గవ్వలాట ఆడుకొనేవారు. వంటింట్లోంచి పిన్ని అడిగిన మాటకు వీధి అరుగు మీద ఉన్న నేను జవాబు చెప్పగలిగేవాణ్ణి. ఏసీ హోటళ్ళలో జంటకొక తలుపు వేసుకొని భోజనాల వేళకు మాత్రమే కలిసే ప్రయాణాలు మేమూ చేశాము. ఐదారుగురు కలిసి ఉండాలని బయలుదేరినప్పుడు, వారిని పగలు గదుల్లోంచి బయటికి రప్పించే ఇల్లే మేలైనదని నా అభిప్రాయం.

లోపాలు లేవని చెప్పను. ఆరుగురికి ఒకటే మరుగుదొడ్డి, అదీ పెరటి చివర. రాత్రివేళ టార్చి లేకుండా వెళ్ళడం కుదరదు. సాయంత్రం ఆరయ్యేసరికి దోమలు దిగుతాయి. అద్దె మాట్లాడుకొన్నప్పుడు యజమాని ఈ రెండు సంగతులూ ఎత్తలేదు, మంచి ఫొటోలు మాత్రం పంపాడు.

సముద్రం ఇంటికి కనబడదు, రాత్రి మాటుమణిగాక హోరు మాత్రం వినబడుతుంది. అయినా అది ఎంత దగ్గరగా ఉందో మొదటి పూటే నూతి దగ్గర తెలిసింది. చేద వేసి తోడిన నీళ్ళను మా చిన్నవాడు దోసిట పట్టబోతుంటే, వంటచేసే ఆవిడ పరుగున వచ్చి ఆపింది. "ఆయ్, ఆ నీళ్ళు తాగకండి బాబూ, ఉప్పండి. గిన్నెలు తోముకోడానికేనండి." తాగే నీళ్ళు రోజూ టిన్నుల్లో వస్తాయి. ఇలాంటి తీరపు ఇసుక నేలలో వాననీరు ఇంకి, అడుగున ఉన్న బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. పై పొరను ఎక్కువగా తోడేస్తే కింది ఉప్పు పైకి వస్తుంది. చుట్టుపక్కల తవ్విన రొయ్యల చెరువులు ఆ పనిని మరింత తొందర చేస్తున్నాయని తోటవారి ఫిర్యాదు.

ఆ ఉప్పు చేసిన నష్టం మలికిపురం వైపు వెళ్ళినప్పుడు కళ్ళకు కట్టింది. శంకరగుప్తం డ్రెయిన్‌లోకి పోటు వేళల్లో సముద్రపు నీరు ఎగదన్ని, గట్లు పొర్లి తోటల్లో నిలుస్తోంది. దాని పక్కన బారులు తీరిన కొబ్బరి చెట్లు మొవ్వు కుళ్ళి, ఆకులన్నీ రాలిపోయి, మొండి మొదళ్ళతో నిలబడి ఉన్నాయి. పచ్చదనం చూద్దామని కోనసీమకు వచ్చేవారు ఆ దారిన కూడా ఒకసారి వెళ్ళి రావాలి.

మేము ఉన్న తోట అంత దెబ్బతినలేదు గాని, అక్కడ ఆకుల రసం పీల్చే తెల్లదోమ అనే పురుగు ఉంది. అది విసర్జించే తియ్యని జిగురు మీద బూజు పెరిగి, కింది ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. మేమున్నప్పుడే దింపు జరిగింది. రెండు నెలలకొకసారి కాయలు దింపుతారట. దింపు కార్మికుడు పాదాలకు తాడు తగిలించుకొని, నడుముకు కత్తి కట్టుకొని, మేము కింద లెక్క పెట్టుకొనేలోపే మొవ్వు దాకా చేరాడు. గెలను ఒక్కసారిగా నరకకుండా, ముదిరిన కాయను వేలితో తట్టి చూసి, లేత గెలలను వదిలేశాడు. వొలుపు మరింత చూడదగ్గ పని. నేలలో నిలువుగా పాతిన ఇనుప గునపం మొన మీదికి కాయను గుచ్చి, మణికట్టు తిప్పుతూ మూడు నాలుగు విసుర్లలో పీచంతా ఊడదీసి, కాయను రాశి మీదికి విసిరేస్తారు. మా పెద్దవాడు ప్రయత్నించి ఒక్క కాయకే చెమటలు కక్కాడు.

తోట కాపరికి యాభై దాటి ఉంటాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు ఈ ఇంటి దక్షిణపు కప్పు లేచిపోయిందని, ఊరివాళ్ళు కొందరు మిగిలిన మూడు వైపుల గదుల్లో తెల్లవారేదాకా కూర్చున్నారని చెప్పాడు. కోనసీమ తోటలను నేలకూల్చి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన తుపాను అది. దక్షిణం వైపు పెంకుల రంగు ఇప్పటికీ వేరుగానే కనిపిస్తుంది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. 2020 సెప్టెంబరులో పాత రథం దగ్ధం కాగా, మరుసటి ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి తయారైన కొత్త రథాన్ని చూశాము. అక్కడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టుకు వెళ్ళాము. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. మట్టిరంగు నీళ్ళకూ నీలి నీళ్ళకూ మధ్య గీత కొంతసేపు స్పష్టంగా, కొంతసేపు చెదరి కనిపించింది. ఇసుక మీద ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చి వెళ్ళిన జాడలు ఉన్నాయి. కాస్త దూరంలోనే ఒక తాబేలు చచ్చి పడి ఉండడంతో పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

ఇల్లు అప్పగించే రోజున యజమాని స్వయంగా వచ్చాడు. వచ్చే ఏడాదికి మండువా మీద గాజు కప్పు వేయించి, వసారాను మూసి, ఏసీ గదులు చేయిస్తే అద్దె పెరుగుతుందేమోనని మమ్మల్నే సలహా అడిగాడు. పిన్ని మొహమాటపడలేదు. "ముందు ఇంకో రెండు బాత్రూములు కట్టించు బాబూ. మండువా జోలికి పోకు, మళ్ళీ మేం వచ్చేది దానికోసమే" అంది. బాత్రూముల సంగతి వేసవిలోపే చూస్తానన్నాడు గాని, గాజు కప్పు గురించి మాత్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.